పేరు లేని గొంతులు

‘హీరోయిన్ అద్భుతంగా నటించింది.’ మన సినిమా సమీక్షల్లో వారానికి రెండుసార్లయినా కనిపించే వాక్యం ఇది. ఇందులో కర్త ఎవరు?

తమాషాకి అడగడం లేదు. తెర మీద కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఒకరు. మైకు ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది ఇంకొకరు. థియేటర్లో మన గొంతుకి ఏదో అడ్డం పడిందంటే అది ఆ కళ్ళ వల్లా, ఈ వెక్కిళ్ళ వల్లా? విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ పేరు రాయాల్సి వచ్చేసరికి మాత్రం మన సమీక్షకులు చాలా తేలిగ్గా విడదీసేస్తారు. మొహం ఉన్నావిడకి పేరు, ఫోటో, రెండు పేరాలు. గొంతు ఇచ్చినావిడకి, మహా అయితే, టైటిల్స్ చివర్లో గబగబా పైకి పోయే జాబితాలో ఒక వరస. ఏ పాత్రకి ఏ గొంతో కూడా ఆ జాబితాలో చాలాసార్లు ఉండదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. డబ్బింగ్ మీద నాకు ద్వేషం లేదు. వేరే భాష అమ్మాయి తెలుగులో నటించకూడదనే వాదన నాది కాదు. నా గొడవంతా ఆ గొంతు చుట్టూ మనం కట్టిన మౌనంతో. ఆ మౌనం వల్ల ఎవరికి నష్టం, ఎంత నష్టం అన్నది లెక్క తేల్చాలని ఈ వ్యాసం.

*

సరిత సంగతి తీసుకోండి. గుంటూరు జిల్లా మునిపల్లె అమ్మాయి. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’లో కమల్ హాసన్ పక్కన స్వప్నగా వచ్చింది. విశాఖ, భీమిలి సముద్రం ఒడ్డున నడిచే ఆ కథ గుర్తున్నవాళ్ళకి ఆమె కళ్ళు ఎంత గుర్తో ఆ మాట విరుపు కూడా అంతే గుర్తు. తర్వాత తమిళంలో ‘తన్నీర్ తన్నీర్’ (1981), ‘అచ్చమిల్లై అచ్చమిల్లై’ (1984), కన్నడంలో ‘హొస బెళకు’ (1982), మలయాళంలో ‘కాతోడు కాతోరం’ (1985). దక్షిణాదిలో నాలుగు భాషల్లోనూ నాయికగా నిలబడ్డ తెలుగు నటులు ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ తర్వాత తెర మీద ఆమె తగ్గుతూ వచ్చింది. కానీ వినిపించడం తగ్గలేదు. విజయశాంతి, సౌందర్య, నగ్మా, రమ్యకృష్ణ. మనం తొంభైల తెలుగు సినిమా నాయికలు అనుకునే మొహాల వెనక ఎన్నో సినిమాల్లో ఉన్నది సరిత గొంతు. డబ్బింగ్‌కి ఆమెకి నంది అవార్డులు కూడా వచ్చాయి. ఇప్పుడు సరిత నటన మీద రాసిన వ్యాసం ఏదైనా తెరిచి చూడండి. ‘మరో చరిత్ర’ దగ్గర మొదలై ఎనభైల మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. చివర్లో ‘డబ్బింగ్ కళాకారిణిగా కూడా రాణించారు’ అని ఒక ముక్క. ఆ ‘కూడా’ మీదే నా అభ్యంతరం. ఒక నటి జీవితంలో సగభాగాన్ని ఒక్క ‘కూడా’లో చుట్టేశాం. ఆవిడ నటించడం ఆపలేదండీ. మనం చూడడం ఆపాం, అంతే.

2023లో తమిళ ‘మావీరన్’లో శివకార్తికేయన్ తల్లిగా ఆమె మళ్ళీ తెర మీదికి వచ్చింది. కథానాయకుడికి మాత్రమే వినిపించే ఒక గొంతు అతని బతుకుని నడిపించడం ఆ సినిమా కథ. ఎవరిదో తెలియని గొంతు చుట్టూ అల్లిన సినిమాలో, తెలుగువాళ్ళు ఎవరిదో తెలియకుండా ఏళ్ళ తరబడి విన్న గొంతు. దర్శకుడు అలా అనుకుని పెట్టి ఉండకపోవచ్చు. నాకు మాత్రం నవ్వూ, బాధా రెండూ వచ్చాయి.

రోజారమణిదీ ఇదే కథ. 1967 ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడు ఆ పాపే. 1972లో మలయాళం ‘చెంబరత్తి’లో నాయిక. తర్వాత ఎంతోమంది తెలుగు నాయికలకి గొంతు. ప్రహ్లాదుడంటే అందరికీ తెలుసు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు తను రోజూ స్టూడియోలో ఎవరెవరికి ప్రాణం పోసిందో వివరంగా రాసిన విమర్శకులు ఎక్కడ?

*

దీనికి మన దగ్గర రెడీమేడ్ జవాబు ఒకటుంది. ‘గొంతు ఎవరిదో తెలిస్తే భ్రమ చెదిరిపోతుంది’ అని. చాలా పెద్దమనిషి తరహా వాదన. పాటల దగ్గరికి వస్తే ఇది రెండు నిమిషాలు కూడా నిలబడదు. సావిత్రి పెదవులు కదుపుతుంటే వినపడేది పి. సుశీల అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎవరికి భ్రమ చెదిరింది? పైగా ఆ రెండు పేర్లూ పక్కపక్కన తలుచుకోవడంలోనే మనకి ఆనందం. అసలు పాటకి కూడా ఆ గౌరవం ఊరికే రాలేదు. 1949 హిందీ ‘మహల్’ పాట రికార్డు మొదట బయటికి వచ్చినప్పుడు దాని మీద గాయని పేరు లేదు. పాత్ర పేరు, కామిని అని, అచ్చేశారు. ఆ కామిని ఎవరని జనం అడిగితేనే లతా మంగేష్కర్ పేరు బయటికి వచ్చింది. అడిగారు కాబట్టి వచ్చింది. మాట దగ్గర మనం అడగలేదు, రాలేదు.

జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో నేపథ్య గాయకుడికి ఒకటి, గాయనికి ఒకటి ఉన్నాయి. కథాచిత్రాల్లో డబ్బింగ్ కళాకారులకి ఏమీ లేదు. మన రాష్ట్రంలో నంది అవార్డుల్లో ఆ విభాగం ఉండేది. ఆ మాత్రం మర్యాద అప్పటి ప్రభుత్వం చేసింది, విమర్శకులు చెయ్యలేదు. జాతీయ స్థాయిలో ఈ లోటు ఎలాంటి చిక్కులు తెస్తుందో ‘మణిచిత్రతాళు’ (1993) చెబుతుంది. ‘చంద్రముఖి’ చూసినవాళ్ళకి ఆ కథ మళ్ళీ చెప్పక్కర్లేదు. శోభనకి ఆ సినిమాతో జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. రావాల్సిందే. కానీ గంగ మాట్లాడే మలయాళం గొంతు భాగ్యలక్ష్మిది. గంగ నాగవల్లిగా మారినప్పుడు ఒళ్ళు జలదరించేలా వినపడే తమిళం దుర్గ అనే ఇంకొకావిడది. ఈ రెండో సంగతి 2016లో దర్శకుడు ఫాజిల్ చెప్పేదాకా చాలామంది అదీ భాగ్యలక్ష్మి గొంతే అనుకున్నారు. ఒక పాత్ర, ఒక దేహం, రెండు గొంతులు, ఒక పురస్కారం. ఒక నటి తన పని తనదని చెప్పించుకోడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టిందంటే, శోభనదీ భాగ్యలక్ష్మిదీ తప్పేం లేదు. ఎవరు ఏం చేశారో రాసిపెట్టుకునే అలవాటు లేని వ్యవస్థది తప్పు.

రాసిపెట్టని పనికి రక్షణ కూడా ఉండదు. ‘ఏ మాయ చేసావె’ (2010)లో సమంతకి గొంతు ఇచ్చింది చిన్మయి. జెస్సీ మీద మనసు పారేసుకున్న కుర్రాళ్ళు సగం ఆ గొంతు మీదే పారేసుకున్నారు. అదే చిన్మయి సభ్యత్వాన్ని 2018లో తమిళనాట డబ్బింగ్ యూనియన్ తీసేసింది. చందా కట్టలేదన్నది యూనియన్ చెప్పిన కారణం. ఆ ఏడాది తను చేసిన మీటూ ఆరోపణలకి ఇది ప్రతీకారమన్నది ఆమె మాట. ఆ తగువులో తీర్పు చెప్పడం నా పని కాదు. ఒక్కటి గమనించండి. తెర మీద నటిని తప్పిస్తే ప్రేక్షకులకి వెంటనే తెలుస్తుంది, ఏమైందని అడుగుతారు. గొంతుని తప్పిస్తే తెర మీద మొహం అలాగే ఉంటుంది. సినిమా ఆగదు. చిన్మయికి గాయనిగా అప్పటికే పేరుంది కాబట్టి అది వార్త అయింది. పేరు లేనివాళ్ళ సంగతి ఏ పేపర్లోనూ రాదు.

*

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో లీలావతి వేసిన సురభి కమలాబాయి నాటకాల బండి నుంచి దిగి నేరుగా కెమెరా ముందుకి వచ్చినావిడ. ఆడవేషాలు మగవాళ్ళు కట్టే కాలంలోనే ఆడవాళ్ళని స్టేజీ ఎక్కించిన కుటుంబ నాటక సమాజం సురభి. మైకు లేని రోజుల్లో చివరి వరసలో బెంచీ మీద కూర్చున్నవాడికి కూడా మాట అందాలి. అందకపోతే వాడు ఊరుకోడు. కన్నాంబ సంభాషణ చెప్తే హాలు నిశ్శబ్దమైపోయేదని పాతవాళ్ళు అంటారు కదా, ఆ గొంతు నాటకాలు చేసిన గొంతు. గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’ (1953)తో తెర మీదికి తెచ్చిన జమున కూడా నాటకాల్లోంచే వచ్చింది. తెనాలి శారద కూడా అంతే. భానుమతి అయితే మాట తనది, పాట తనది, ‘చండీరాణి’ (1953) దగ్గరికి వచ్చేసరికి దర్శకత్వం కూడా తనదే. ఆ తరంలో నటి అంటే మనిషి మొత్తం. నాటకం, సినిమా, గొంతు అని మూడు వేరువేరు ఉద్యోగాలు లేవు.

రేడియో సంగతి ఇంకా గొప్పది. అక్కడ మొహమే లేదు. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంలో శారదా శ్రీనివాసన్ నాటకాలు విన్నవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి, ఆ పేరు వినగానే మొహం వెలిగిపోతుంది. ఒక్క ఫోటో కూడా చూడకుండా ఒక నటికి అభిమానులయ్యారు జనం. ఎలా? రేడియో వాళ్ళు నాటకంలో ఎవరెవరు పాల్గొన్నారో పేరు పేరునా చదివి వినిపించేవాళ్ళు కాబట్టి. ఇంతకన్నా బడ్జెట్ తక్కువ సంస్కరణ ఇంకోటి ఉంటుందా? పేరు చదవడానికి అరనిమిషం పడుతుంది.

ఇక్కడే జపాన్ గుర్తొస్తుంది. ఈ పత్రిక చదివే నా తరం వాళ్ళకి కొరెయెద సినిమాల్లో అమ్మమ్మ, ‘షాప్‌లిఫ్టర్స్’లో అమ్మమ్మ అంటే ఎవరో తెలుసు. కికి కిరిన్. 1961లో బుంగకుజా అనే నాటక సంస్థలో చేరింది. 1974లో ఒక టీవీ సీరియల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళకే ముసలమ్మ వేషం వేసి ఇంటింటికీ తెలిసిపోయింది. 2010లో జిబ్లీ వాళ్ళ ‘అరియెట్టీ’లో హారు అనే పనిమనిషికి గొంతు ఇచ్చింది. 2018 మేలో ‘షాప్‌లిఫ్టర్స్’కి కాన్‌లో పామ్ దోర్ వచ్చింది, సెప్టెంబర్‌లో ఆమె పోయింది. నాటకం, తెర, గొంతు అన్నీ ఒకే జీవితంలో భాగాలు. ‘హారు గొంతు కూడా ఇచ్చారు’ అని అక్కడెవరూ తీసిపారెయ్యలేదు. ఆమె గురించి నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. అంతకు ముందు ఆమె పేరు యూకి చిహో. 1977లో ఒక టీవీ కార్యక్రమంలో ఏదైనా వేలానికి పెట్టమంటే తన రంగస్థల నామాన్నే వేలం వేసేసి, కొత్త పేరు పెట్టుకుంది. పేరుని అంత అలక్ష్యంగా అమ్మెయ్యాలంటే ముందు పేరంటూ ఉండాలి. మన గొంతులకి అమ్ముకోడానికి కూడా పేరు లేదు.

జపాన్లో గొంతు నటులని సెయ్‌యూ అంటారు. అది ఒక వృత్తి, దానికో గౌరవం, వాళ్ళకి అభిమానులు. డోరేమాన్‌కి 1979 నుంచి 2005 దాకా గొంతు ఇచ్చిన ఓయమా నొబుయో నాటకాల బడిలోంచి వచ్చినావిడ. ‘డ్రాగన్ బాల్’లో గోకూకి 1986 నుంచీ గొంతు నొజావా మసాకోది. తండ్రి గోకూ, కొడుకులు గోహాన్, గోతెన్ ముగ్గురికీ ఆమే. 1936లో పుట్టిన ఒక పెద్దావిడ ముగ్గురు మగపిల్లల్లా మాట్లాడుతుందని అక్కడ తెలియనివాళ్ళు లేరు. గోకూ మీద ఎవరికీ మోజు తగ్గలేదు. భ్రమ చెదరలేదు. ఏ ఎపిసోడ్ చివరైనా చూడండి, పాత్ర పేరు ఎదురుగా మనిషి పేరు ఉంటుంది.

అక్కడంతా స్వర్గమని అనడం లేదు. సెయ్‌యూల్లో కిందిస్థాయి వాళ్ళ జీతాల కథలు ఏ దేశానికైనా మామూలే. కానీ ఎవరు చేశారన్న ప్రశ్న దగ్గర మాత్రం వాళ్ళు తేల్చేశారు.

*

జపాన్ నుంచి మన కొండలకి ఒక దారి ఉంది. 2024 జనవరిలో టకరజుకా అనే నాటక సంస్థ ‘ఆర్ఆర్ఆర్’ని రంగస్థలం మీదికి ఎక్కించింది. టకరజుకాలో అందరూ స్త్రీలే. మగ పాత్రలు కూడా వాళ్ళే వేస్తారు, దానికోసం ఏళ్ళ తరబడి నడక, నిలబడే తీరు, గొంతు అన్నీ సాధన చేస్తారు. భీమ్‌గా రెయ్ మకోతో, రామరాజుగా అకత్సుకి చిసేయ్ వేశారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన అల్లూరి పేరుతో జపాన్లో ఒక స్త్రీ, తన సొంత గొంతుతో, తన పేరు మీద టిక్కెట్లు అమ్ముడుపోగా నిలబడింది.

ఇప్పుడు ప్రశ్న తిప్పి అడుగుతాను. అల్లూరి తిరిగిన మన్యం నుంచి, ఆ చింతపల్లి నుంచో అరకు నుంచో, ఒక అమ్మాయి మన తెర మీద తన గొంతుతో ఎప్పుడైనా నిలబడిందా? ఒక నాయిక పేరు చెప్పండి.

కొండలు మాత్రం నిలబడ్డాయి. 1974 ‘అల్లూరి సీతారామరాజు’ చింతపల్లి అడవుల్లోనే తీశారు. అరకు లోయలో తీసిన పాటలకి లెక్కే లేదు. బొర్రా గుహలు, చాపరాయి, వలిసె పూల పసుపు, మంచులో కొత్తవలస–కిరండూల్ రైలు. హీరోయిన్ వెనక వరసలో థింసా ఆడే ఆడవాళ్ళు. వాళ్ళ కాళ్ళు కావాలి, నడుములు పట్టుకున్న ఆ వరస అందం కావాలి. మాట మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

నేను పదో తరగతి దాకా అరకులో పెరిగాను, మా నాన్న ఉద్యోగం వల్ల. మా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళ కన్నా మాట్లాడనివాళ్ళే ఎక్కువ. ఒకడింట్లో ఆదివాసీ ఒడియా, ఇంకొకడింట్లో కువి, ఇంకో అమ్మాయి ఇంట్లో కొండ భాష. గదబ వాళ్ళు, పోర్జ వాళ్ళు వేరు. భగత వాళ్ళ తెలుగు వేరు. సంతకి వెళ్తే అందరూ అందరితోనూ ఏదో ఒకటి మాట్లాడేసేవాళ్ళు. మూడు భాషలు రావడం అక్కడ ప్రతిభ కిందకి రాదు, బతకడం కిందకి వస్తుంది. ఈ భాషల్లో కొన్నిటికి తెలుగు లిపిలో ప్రభుత్వ వాచకాలు కూడా వచ్చాయి. సినిమాకి మాత్రం ఇవేవీ వినపడలేదు. దానికి తెలిసింది ఒకటే, ‘సామీ’, ‘దొరా’ అంటూ ప్రతి మాటనీ సాగదీసే ఒక కల్పిత కొండభాష. తూర్పు కనుమల్లో ఏ గూడెంలోనూ ఎవరూ మాట్లాడని భాష. సిటీలో ఏసీ గదిలో పుట్టింది.

దీనికి పరిశ్రమ చెప్పే కారణం ‘యాస’. యాస ఉంటే నాయికగా ఒప్పుకోరు, అన్ని జిల్లాల వాళ్ళకీ అర్థం కావాలి, మార్కెట్ అంటారు. సరే, ఆ కారణాన్నే కాస్త పట్టి చూద్దాం. ఉత్తరాది నుంచి ఒక్క తెలుగు ముక్క రాని అమ్మాయి వస్తే, పరిశ్రమ ఆమెకో గొంతు వెతికిపెడుతుంది. దానికి డబ్బు ఖర్చుపెడుతుంది, పెదవులకి మాట అతికేదాకా టేకు మీద టేకు తీస్తుంది. డుంబ్రిగూడ నుంచి తెలుగు వచ్చిన అమ్మాయి వస్తే, ఆమెకి యాస ఉందంటుంది. తెలుగు రాకపోవడం తీర్చుకోదగ్గ లోపం, ఇంకో రకం తెలుగు రావడం మాత్రం తీరని లోపం! ఇంత విచిత్రమైన తూకం ఏ సంతలోనూ చూడలేదు.

ఇంకా చూడండి. యాస అసలు వద్దా అంటే, కాదు. తెలంగాణ శకుంతల మహారాష్ట్రలో పుట్టింది, నాటకాలు చేసింది, ‘మా భూమి’ (1979)తో తెర మీదికి వచ్చింది. ‘నువ్వు నేను’ (2001)లో ఆవిడ తెలంగాణ మాటకి హాళ్ళు ఊగిపోయాయి. ఆ గొంతుకి బదులు గొంతు పెట్టాలని ఎవరికీ తట్టలేదు. తట్టినా పెట్టలేరు. అంటే నవ్వించడానికి, భయపెట్టడానికి, ఇంట్లో పనిచెయ్యడానికి యాస పనికొస్తుంది. ప్రేమించబడడానికి పనికిరాదు. యాస అర్థం కాదనే మాట అబద్ధమని దీంతో తేలిపోయింది. ఎవరిని ప్రేమించొచ్చు, ఎవరిని చూసి నవ్వొచ్చు అన్నదే అసలు నిర్ణయం.

ఆ నిర్ణయం కూడా మారని శిలాశాసనం కాదు. ‘ఫిదా’ (2017)లో సాయిపల్లవి తన గొంతుతోనే బాన్సువాడ భానుమతిగా మాట్లాడింది. ఆవిడ నీలగిరి కొండల బడగ పిల్ల. ఒక కొండ పిల్ల వేరే రాష్ట్రం యాస నేర్చుకుని మాట్లాడితే తెలుగు జనం ఎగబడి చూశారు. ‘మహానటి’ (2018)లో సమంత మధురవాణిగా సొంత గొంతుతో మాట్లాడింది, ఆ చిన్నపాటి పరాయితనం కూడా పాత్రకి అందమే అయింది. ప్రేక్షకుడు సిద్ధంగానే ఉన్నాడు. భయం స్టూడియోలో ఉంది.

*

నా ఉద్యోగంలోనూ ఈ భయాన్ని దగ్గర్నుంచి చూశాను. కొన్నాళ్ళ క్రితం మా టీమ్ ఫోన్‌లో రికార్డు చేసిన మాటలు వినిపించే ఒక సిస్టమ్ కట్టింది. కొండ మండలాల్లో కాఫీ, మిరియం రైతుల కోసం. గొంతు నమూనాలు వచ్చాయి. అందులో ముంచింగిపుట్టు వైపు ఒకావిడ చదివింది, ఎంత స్పష్టంగా ఉందంటే పక్కింటావిడ అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టు ఉంది. క్లయింటు తీసేశాడు. ‘న్యూట్రల్‌గా లేదు’ అని మెయిలు. టీవీ యాంకర్ లాంటి గొంతుని ఖాయం చేశారు. వినాల్సినవాళ్ళు పాడేరు, అనంతగిరి రైతులు. న్యూట్రల్‌గా ఉండాల్సింది ఎవరి చెవికి? నేను మీటింగులో అదే అడిగాను. ‘బ్రాండ్ కన్సిస్టెన్సీ’ అన్నారు. తెలుగులో న్యూట్రల్ అనే యాస ఏదీ లేదు. స్టూడియో ఎవరి చేతిలో ఉందో వాళ్ళ యాసకి పెట్టుకున్న ముద్దుపేరు అది.

ఇప్పుడు ఈ గొడవకి తొందర కూడా వచ్చింది. కొద్ది నిమిషాల రికార్డింగు ఉంటే ఒక గొంతుని యంత్రం పుణికిపుచ్చుకుంటోంది. 2023లో హాలీవుడ్ నటులు నెలల తరబడి సమ్మె చేస్తే అందులో ఒక ప్రధానమైన కోరిక, అనుమతి లేకుండా మా మొహాన్నీ గొంతునీ కృత్రిమ మేధతో తయారుచెయ్యకూడదని. 2024లో జపాన్ సెయ్‌యూలు కొందరు తమ గొంతుల్ని అడక్కుండా వాడుకోవడం ఆపమని బహిరంగంగా ప్రచారానికి దిగారు. వాళ్ళు దిగగలిగారు, ఎందుకంటే ఫలానా గొంతు ఫలానావారిదని దేశమంతటికీ తెలుసు. మన దగ్గర? తొంభైల సినిమాల సౌండ్ ట్రాకులు ఏదో ఒక మోడల్‌కి మేతగా వేస్తే, ‘అది నా గొంతు’ అని చెప్పుకోడానికి ఎంతమంది డబ్బింగ్ నటుల దగ్గర కాగితం ఉంది? ఇంజినీరుగా చెప్తున్నాను, మెటాడేటా లేని ఫైలుకి యజమాని ఉండడు. ఏ పాత్ర, ఏ సినిమా, ఎవరి గొంతు అన్న మూడు గడులు నింపకుండా వదిలేశాం. ఖాళీ గడిలో రేపు ఎవడు పేరు రాసుకుంటే వాడిదే.

అరకు గొంతులకైతే ఆ ప్రమాదం కూడా లేదు. రికార్డే చెయ్యలేదు కదా. యంత్రం నేర్చుకునే తెలుగులో కూడా వాళ్ళు ఉండరు. సినిమా ఒకసారి తీసేసింది, రేడియో అంతంతమాత్రం, రేపు మాట్లాడే ఫోను కూడా తీసేస్తుంది. అప్పుడు ఆ పిల్లలకి మిగిలేది, తమ మాటే తప్పు మాట అనే పాఠం. ఆ పాఠం మా క్లాసులో కొందరు ఐదో తరగతికే నేర్చేసుకున్నారు. మాస్టారు ప్రశ్న అడిగితే జవాబు తెలిసి కూడా తల దించుకునేవాళ్ళు.

*

పరిశ్రమ మారాలని తీర్మానాలు చెయ్యడం తేలిక. వాళ్ళు మారేదాకా మనం చెయ్యగలిగింది, ఈ పత్రికలో రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ చెయ్యగలిగింది చెబుతాను.

ఒకటి, సమీక్షలో నటి పేరు రాస్తే పక్కన గొంతు పేరు రాయాలి. తెలియకపోతే కనుక్కోవాలి. కెమెరామన్ పేరు, ఎడిటర్ పేరు, కలరిస్ట్ పేరు కూడా కనుక్కుని రాసే సమీక్షకులు మన దగ్గర ఉన్నారు. ఒక ఫోన్ కాల్ దూరంలో ఉన్న పేరు వాళ్ళకి దొరకదంటే నేను నమ్మను.

రెండు, గొంతుని నటనగా విమర్శించాలి. పొగడ్తే కాదు, తిట్టూ రావాలి. నిజానికి తిట్టు ముందు రావాలి. ముప్ఫై ఏళ్ళ డాక్టరు పాత్రకి పదహారేళ్ళ గారాల గొంతు ఎందుకు పెట్టారు? ప్రతి నాయికా ఒకే పిల్లలా ఎందుకు వినపడుతోంది? ఏ కొండకీ చెందని ‘దొరా’ భాష ఎవరు రాశారు, ఎవరు పలికారు, ఎందుకు? పేరు పెట్టి తిట్టారంటే పనిని పనిగా గుర్తించారని అర్థం. సరిత, రోజారమణి, సునీత, చిన్మయి ఒకే పాత్రని పలికితే నాలుగు రకాలుగా ఎలా ఉంటుందో చెప్పగలిగిన విమర్శ మనకి ఇంకా పుట్టలేదు. అది పుట్టకుండా తెలుగు నటన గురించి మనం రాసేదంతా సగం రాతే.

మూడు, పాతవాళ్ళు ఉండగానే రాసిపెట్టాలి. ఏ సినిమాలో ఏ నాయికకి ఎవరు పలికారన్న జాబితా ఒకటి, అందరికీ అందుబాటులో. దీనికి గ్రాంటు అక్కర్లేదు, స్ప్రెడ్‌షీట్ చాలు. చెన్నైలో, హైదరాబాద్‌లో ఆ గదుల్లో పనిచేసినవాళ్ళు, సౌండ్ ఇంజినీర్లు, ఇంకా మన మధ్యే ఉన్నారు. వెళ్ళి అడగాలి, సాయంత్రం పూట కూర్చుని చెప్పించుకోవాలి.

నాలుగోది కష్టమైనది. ఈసారి అరకులో తీసిన సినిమా వస్తే, ఫోటోగ్రఫీ కన్నుల పండువగా ఉందని రాసేముందు, రెండున్నర గంటల్లో ఆ ఊరి మనిషి ఎన్ని వాక్యాలు మాట్లాడిందో లెక్కపెట్టి ఆ అంకె వెయ్యండి. సున్నా వస్తే సున్నా అనే రాయండి.